పోలీసు డ్యూటీ దిగిన మోడల్ 10: పైన గీతలు వదిలేయండి, లోపల టైమింగ్ చూడండి

అమెరికాలో పోలీసు శాఖలు పిస్టళ్ళకు మారిపోయాక వదిలేసిన స్మిత్ అండ్ వెసన్ మోడల్ 10 రివాల్వర్లు పాత సరుకు అమ్మే గన్ షాపుల్లో ఇప్పటికీ దొరుకుతున్నాయి. .38 స్పెషల్ రకం తూటా, ఒకేసారి ఆరు పడతాయి, ఎక్కువగా నాలుగు అంగుళాల బ్యారెల్. 1899లో వచ్చిన డిజైన్ ఇది. చాలాకాలం ‘మిలిటరీ అండ్ పోలీస్’ పేరుతో అమ్ముడై, 1957లో కంపెనీ అన్నిటికీ నంబర్లు పెట్టినప్పుడు మోడల్ 10 అయింది. మొత్తం మీద అరవై లక్షలకు పైగా తయారయ్యాయి కాబట్టి విడిభాగాల కోసం వెతుక్కోవాల్సిన పని పెద్దగా లేదు.

చూడ్డానికి మాత్రం చాలావరకు దీనంగా ఉంటాయి. హోల్‌స్టర్‌లో రాసుకుని బ్యారెల్ కొస దగ్గర నలుపు పోయి ఉక్కు తేలి ఉంటుంది, చెక్క పిడి మీద గాట్లుంటాయి. వీటిని చూసి బేరమాడండి, భయపడకండి. డ్యూటీ రివాల్వర్ ఏళ్ళ తరబడి నడుముకు వేలాడుతుంది గానీ పేలేది తక్కువ. దీనికి విరుద్ధమైనవి కూడా ఉంటాయి, పైన అద్దంలా మెరుస్తూ లోపల అరిగిపోయినవి. ఆ రెంటికీ తేడా చెప్పేది టైమింగ్ ఒక్కటే. అది సరిగ్గా ఉన్న మోడల్ 10కి ఐదుకు ఐదు మార్కులూ ఇవ్వొచ్చు. సరిగ్గా లేనిదాన్ని కూడా వెంటనే వదిలేయనక్కర్లేదు, ఎందుకు లేదో తెలిస్తే చాలు. చాలామంది టైమింగ్ పోయిందనగానే ‘హ్యాండ్ మార్చాలి’ అంటారు. నిజానికి అది ఆఖర్న చూడాల్సిన భాగం.

టైమింగ్ అంటే ఇంతే. ట్రిగ్గర్ లాగినా, తూటాను కొట్టే హామర్‌ను బొటనవేలితో వెనక్కి తీసినా, ట్రిగ్గర్‌కు తగిలించి ఉన్న హ్యాండ్ అనే సన్నని ఉక్కు పలక పైకి లేచి, తూటాలుండే సిలిండర్ వెనక ఉన్న రాట్చెట్ పంటిని తోస్తుంది. సిలిండర్ ఆరో వంతు తిరుగుతుంది. సరిగ్గా తూటా ఉన్న గది బ్యారెల్‌కు ఎదురుగా వచ్చేసరికి, ఫ్రేమ్ అడుగు నుంచి సిలిండర్ స్టాప్ లేచి సిలిండర్ మీది నాచ్ అనే గాడిలో టక్కున పడాలి. హామర్ వాలకముందే ఇది జరిగిపోవాలి. పడకపోతే గది కాస్త పక్కకు ఉండగానే పేలుతుంది. గుండు ఫోర్సింగ్ కోన్ (బ్యారెల్ వెనక కొసన గుండు దూరే నోరు) అంచును గీసుకుంటూ పోతుంది, సీసం ముక్కలు పక్కనున్నవాళ్ళ మీదికి చిమ్ముతాయి, తూటా అడుగున మందును అంటించే ప్రైమర్ మీద పిన్ గుర్తు ఓ పక్కకు పడుతుంది.

షాపులో పరీక్ష చేసే ముందు అమ్మేవాడిని అడగండి. ఖాళీగా హామర్ వాల్చడానికి కొందరు ఒప్పుకోరు. హామర్‌ను వేలితో ఆపుతూ మెల్లగా దించుతానంటే సాధారణంగా సరేనంటారు. సిలిండర్ తెరిచి ఆరు గదులూ ఖాళీ అని కళ్ళతో చూసి, వేలితో తడిమి, సిలిండర్ మూసేటప్పుడు ఇంకోసారి చూడండి. గొట్టం ఎప్పుడూ మనిషి లేని వైపే. తర్వాత ఆరు డమ్మీ తూటాలు అడగండి. ఇది మర్యాద కోసం కాదు, ఇక్కడే అసలు కిటుకుంది.

1990ల చివరి దాకా వచ్చిన స్మిత్ అండ్ వెసన్‌లలో, ఖాళీ తూటాలను బయటికి నెట్టే ఎక్స్‌ట్రాక్టర్ స్టార్‌ను రెండు చిన్న పిన్నులు సిలిండర్‌లో నిలబెడతాయి. రాట్చెట్ పళ్ళు చెక్కి ఉండేది ఆ స్టార్ మీదే. పాతబడ్డాక ఆ పిన్నుల చుట్టూ కాస్త వదులు వస్తుంది. గదులు ఖాళీగా ఉంటే హ్యాండ్ తోసినప్పుడు ముందు స్టార్ ఆ వదులంత మేర కదిలి, ఆ తర్వాతే సిలిండర్ కదులుతుంది. అప్పుడు రివాల్వర్ ఆలస్యంగా తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. గదుల్లో డమ్మీలు గానీ పేలిన తూటాల ఖాళీ తొడుగులు గానీ ఉంటే వాటి అంచులు స్టార్‌ను పట్టుకుని నిలబెడతాయి. అసలు వాడకంలో ఉండేది ఆ స్థితే. ఖాళీ సిలిండర్‌తో పరీక్షించి మంచి రివాల్వర్‌ను తిప్పిపంపినవాళ్ళు తక్కువేం లేరు. 1990ల చివర్లో కంపెనీ ఆ పిన్నులు తీసేసి, స్టార్‌నే గుండ్రంగా కాకుండా మలిచి సిలిండర్‌లో కూర్చోబెట్టింది. వాటిలో ఈ బెడద దాదాపు లేదు, అయినా డమ్మీలు పెట్టే చూడండి.

ఇప్పుడు పరీక్ష. ఎడమ చేతి వేలిని సిలిండర్ పక్కన ఆనించి కొద్దిగా ఒత్తిడి పెట్టండి. తిరగనివ్వకుండా బిగబట్టడం కాదు, దాని ఊపును తీసేయడానికి మాత్రమే. కుడి బొటనవేలితో హామర్‌ను వీలైనంత మెల్లగా వెనక్కి తీయండి. హామర్ ఆఖరి మెట్టు మీద నిలిచేలోపు, లేదా సరిగ్గా అదే క్షణంలో, స్టాప్ నాచ్‌లో పడిన చప్పుడు వినాలి. హామర్ నిలిచాక సిలిండర్‌ను వేలితో అటూ ఇటూ కదిపి చూడండి. ముందుకు తిప్పగానే టక్కుమని పడితే, అంతకు ముందు పడలేదని అర్థం. అమెరికాలో దీన్ని డీసీయూ అని పొట్టిగా రాస్తారు, సిలిండర్ చివరిదాకా చేరలేదని. ఆరు గదులకూ చేయండి. ఒక గది గోడ మీద మార్కర్‌తో చుక్క పెట్టుకుంటే ఏ గది ఏదో కలగాపులగం కాదు.

అదే పని ట్రిగ్గర్‌తో కూడా చేయాలి, మళ్ళీ మెల్లగానే. డబుల్ యాక్షన్‌లో, అంటే హామర్‌ను కూడా ట్రిగ్గర్‌తోనే లేపుతూ, గబుక్కున లాగితే సిలిండర్ తన ఊపుతోనే నాచ్‌లోకి పోతుంది, అరిగిన హ్యాండ్ దాక్కుంటుంది. అమ్మేవాడు చకచకా ట్రిగ్గర్ లాగి ‘చూశారా, గడియారంలా తిరుగుతోంది’ అంటే అది పరీక్ష కాదు. ఆ చకచకా లాగడం వల్ల తెలిసేది ఇంకొకటుంది, దాని సంగతి కింద చెప్తాను.

ఫలితం చదవడం సులువు. ఆరు గదులూ ఒకేలా ఆలస్యమైతే, ఆరింటికీ ఉమ్మడిగా ఉన్న భాగంలో, అంటే హ్యాండ్‌లోనో, సిలిండర్ ముందూ వెనకా కదలడంలోనో లోపముంది. ఒకటో రెండో గదులే ఆలస్యమైతే ఆ గదుల రాట్చెట్ పళ్ళు అరిగాయి. తిరిగేటప్పుడు ప్రతిసారీ ఒకే చోట బరువెక్కి మిగతా చోట తేలిగ్గా ఉంటే, స్టార్‌ను నెట్టే ఎక్స్‌ట్రాక్టర్ రాడ్ వంగిందేమో చూడాలి. అన్ని చోట్లా బరువుగా ఉంటే ముందు మురికి.

మురికి అంటే తీసిపారేయకండి. స్టార్ కింద కాలని మందు రేణువు ఒక్కటి ఇరుక్కున్నా స్టార్ పూర్తిగా కూర్చోదు. తూటాల అంచులు సిలిండర్ వెనకున్న ఫ్రేమ్ గోడకు రాసుకుంటాయి, ట్రిగ్గర్ రాయిలా అవుతుంది. స్టార్‌ను పైకి నెట్టి పట్టుకుని, దాని అడుగునా సిలిండర్ గుంటలోనూ నైలాన్ బ్రష్‌తో తుడిస్తే చాలాసార్లు రోగం అక్కడే తీరిపోతుంది. మళ్ళీ రాకుండా ఉండాలంటే ఖాళీ తొడుగులు తీసేటప్పుడు గొట్టాన్ని నిటారుగా ఆకాశం వైపు పెట్టి రాడ్‌ను ఒక్క దెబ్బతో నెట్టాలి, మందు రేణువులు తొడుగులతో పాటే కిందికి రాలిపోతాయి. అడ్డంగా పట్టుకుని నెడితే నేరుగా స్టార్ కిందికి చేరతాయి.

తర్వాత ఎక్స్‌ట్రాక్టర్ రాడ్. సిలిండర్ తెరిచి మెల్లగా తిప్పుతూ రాడ్ కొసనే చూడండి. గిరగిరా తిరుగుతూ కొస అటూ ఇటూ ఊగితే వంగినట్టు. సినిమాల్లో మణికట్టు విసిరి సిలిండర్ మూసినట్టు మూసేవాళ్ళ చేతుల్లో రాడ్, యోక్ (సిలిండర్‌ను మోస్తూ ఫ్రేమ్‌లోంచి పక్కకు తెరుచుకునే చెయ్యి) రెండూ పాడవుతాయి. యోక్ వంగితే సిలిండర్ మొత్తం పక్కకు కూర్చుంటుంది, అప్పుడు ఎంత మంచి హ్యాండ్ పెట్టినా లాభం లేదు. మూసేటప్పుడు చివర్లో సిలిండర్‌ను వేలితో గట్టిగా నొక్కితే గానీ గొళ్ళెం పడకపోతే యోక్ మీద అనుమానం పెట్టుకోండి.

రాడ్ వదులైనా గొడవే. అది మరలు విప్పుకుని ముందుకు జరిగి బ్యారెల్ కింది గొళ్ళేన్ని నెడుతుంది. సిలిండర్ బిగుస్తుంది, ముదిరితే తెరుచుకోనే తెరుచుకోదు. పాత వాటిలో మర కుడివాటం కావడంతో సిలిండర్ తిరిగే దిశలోనే అది విప్పుకునేది. 1961లో మోడల్ 10-2తో ఎడమవాటం మర వచ్చింది. మోడల్ నంబరు యోక్ తెరిస్తే ఫ్రేమ్ మీద కనిపిస్తుంది. ముందది చదివి ఆ తర్వాతే రాడ్ మీద చెయ్యేయండి. ఎడమవాటం మరను మామూలుగా అనుకుని ‘విప్పితే’ ఇంకా బిగుసుకుంటుంది. విప్పే ముందు గదుల్లో ఖాళీ తొడుగులు పెట్టాలి, లేకపోతే ఆ బలమంతా స్టార్ పిన్నుల మీద పడి అవి వంగుతాయి.

లోపలి భాగాలను పక్కనుంచి మూసే సైడ్ ప్లేట్ స్క్రూల గురించి కూడా ఒక మాట. అన్నిటికన్నా ముందున్న స్క్రూ యోక్‌ను పట్టి ఉంచుతుంది. ఫ్యాక్టరీలో దాన్ని ఆ యోక్‌కు సరిపడేలా సరిచేసి పెడతారు. ఎవరో శుభ్రం చేస్తూ స్క్రూలన్నీ ఒకే గిన్నెలో పోసి, దాన్ని వెనక స్క్రూతో తారుమారు చేస్తే యోక్ బిగుసుకోవడమో, ముందుకు వదులు కావడమో జరుగుతుంది. స్క్రూ తలలు చెడి ఉన్న రివాల్వర్‌లో ముందు దీన్నే అనుమానించాలి. సైడ్ ప్లేట్ పక్కన స్క్రూడ్రైవర్ పెట్టి పెకిలించిన గీత కనిపిస్తే లోపల తెలియని చెయ్యి పడిందనే లెక్క. ఆ ప్లేట్ తీసే పద్ధతి వేరు. స్క్రూలు తీసేసి, పిడి చెక్కలు విప్పి, పిడి ఫ్రేమ్ మీద ప్లాస్టిక్ సుత్తి పిడితో మెల్లగా తడితే అదే పైకి లేస్తుంది.

ఎండ్ షేక్ కొలవకుండా హ్యాండ్ మీద తీర్పు చెప్పకూడదు. ఎండ్ షేక్ అంటే మూసిన సిలిండర్ ముందుకూ వెనక్కీ ఎంత కదులుతుందో అది. ఫీలర్ గేజ్ ఉంటే చాలు. సిలిండర్‌ను వెనక్కి నొక్కి, బ్యారెల్‌కూ సిలిండర్‌కూ మధ్య సందు కొలవండి. ముందుకు నొక్కి మళ్ళీ కొలవండి. వెనక్కి నొక్కినప్పుడు 6 థౌ, ముందుకు నొక్కినప్పుడు 4 థౌ వస్తే ఎండ్ షేక్ 2 థౌ. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, మిల్లీమీటర్లలో 0.025. 2 థౌ దాకా బాధ లేదు. 3 దాటితే సరిచేయించాలి. ఎందుకంటే సిలిండర్ ముందుకు జరిగినకొద్దీ రాట్చెట్ హ్యాండ్‌కు దూరమై తోపు ఆలస్యంగా అందుతుంది, పైగా ప్రైమర్ మీద దెబ్బ కూడా బలహీనపడుతుంది. యోక్ గొట్టం కొసన కూర్చునే 2 థౌ మందం ఉక్కు వాషర్లు దీనికోసమే అమ్ముతారు. ఒకటి వేయగానే ‘టైమింగ్ సమస్య’ మాయమైన సందర్భాలు గన్‌స్మిత్‌లందరికీ తెలుసు. కాకపోతే వాషర్ వేశాక సిలిండర్ శాశ్వతంగా వెనకే ఉంటుంది కాబట్టి, వెనక్కి నొక్కినప్పుడు వచ్చిన సందే మీకు మిగిలే సందు. అది 4 నుంచి 8 థౌ మధ్య ఉంటే హాయి. అప్పటికే 10 దాటి ఉంటే వాషర్‌తో సగం పనే అవుతుంది, బ్యారెల్‌ను కూడా సరిచేయాల్సి వస్తుంది, ఆ ఖర్చు వేరు.

ఇవన్నీ సరిగ్గా ఉండి, డమ్మీలతోనూ ఆరు గదులూ ఆలస్యమైతే అప్పుడు హ్యాండ్. ఇక్కడ పొడవైన హ్యాండ్ వేస్తే సరిపోతుందనుకుంటారు. ఈ డిజైన్‌లో తోపు చివరి భాగంలో హ్యాండ్ కొస పంటి పక్కగా జారుతూ సిలిండర్‌ను నెడుతుంది, అందుకే లెక్కలోకి వచ్చేది దాని మందం. కొంచెం మందమైన హ్యాండ్ వేసి, పక్క ముఖాన్ని రాయి మీద కొద్దికొద్దిగా రుద్దుతూ ఒక్కో గదికీ సరిచూడాలి. మరీ మందంగా ఉండిపోతే స్టాప్ పడ్డాక కూడా హ్యాండ్ తోస్తూనే ఉంటుంది, ట్రిగ్గర్ ఆఖర్న గోడకు తగిలినట్టు బిగుస్తుంది. ఒకటో రెండో గదులు మాత్రమే బిగుస్తున్నాయంటే ఆ పళ్ళను చూడాలి గానీ, వాటికోసం హ్యాండ్‌ను అరగదీస్తే మిగతావన్నీ ఆలస్యమవుతాయి. ఈ పని తెలిసినవాడికే ఇవ్వండి. అరిగిన ఇనుము తిరిగి రాదు.

చకచకా లాగినప్పుడు తెలిసేది దీనికి వ్యతిరేక రోగం. సిలిండర్ ఆగాల్సిన చోట ఆగకుండా దాటిపోతుంది. తప్పు హ్యాండ్‌ది కాదు, స్టాప్‌ది. దాని కింది స్ప్రింగ్ బలహీనపడిందా, ఫ్రేమ్ కిటికీలో మురికితో బిగుసుకుందా, నాచ్ అంచులు దెబ్బలు తిని పెదవుల్లా పొంగాయా అని ఆ వరసలో చూడాలి. స్ప్రింగ్‌కు అయ్యేది చిల్లర. నాచ్‌లు పొంగి ఉంటే అది గబగబా కాల్చే చేతిలో చాలాకాలం ఉండి వచ్చింది.

సిలిండర్ చుట్టూ గీత ఉందని కంగారు పడేవాళ్ళూ ఉన్నారు. స్మిత్ అండ్ వెసన్‌లో స్టాప్ నాచ్‌కు ముందే లేచి సిలిండర్‌ను ఒరుసుకుంటూ వస్తుంది, గీత పడటం మామూలే. అదే గీత చుట్టూ నిండుగా పాత కోల్ట్ మీద కనిపిస్తే ఆలోచించాలి. 1955లో కోల్ట్ తెచ్చిన పాత పైథాన్‌లో ట్రిగ్గర్ లాగి పట్టుకుంటే హ్యాండ్ సిలిండర్‌ను స్టాప్‌కు అదిమి ఉంచుతుంది, వేలితో కదిపినా కదలదు. దాని గొప్పదనమూ బలహీనతా అదే. ప్రతి గుండుకూ హ్యాండ్ దెబ్బ తింటుంది, టైమింగ్ త్వరగా పోతుంది, సరిచేసే చేతులు ఇప్పుడు తక్కువ. మోడల్ 10లో లాగి పట్టినా కొద్దిగా ఆడుతుంది. కోల్ట్ చూసిన కళ్ళకు అది లోపంలా అనిపిస్తుంది, కానీ గుండు ఫోర్సింగ్ కోన్‌లోకి దారి చూసుకోవడానికి ఆ ఆట సాయపడుతుంది. రోజూ కాల్చేవాడికి నేను పైథాన్ కన్నా దీన్నే చెప్తాను. రూగర్ జీపీ100కి సైడ్ ప్లేటే లేదు, సిలిండర్ ముందు వైపు క్రేన్ (యోక్‌కే ఇంకో పేరు) దగ్గర కూడా లాక్ అవుతుంది. మోటుగా ఉన్నా మన్నికలో రెంటినీ మించిపోతుంది.

ఇంకా బలమైన .357 మాగ్నమ్ తూటా కావాలని స్మిత్ అండ్ వెసన్ మోడల్ 586, 686ల వైపు వెళ్తే, 1987 ఆగస్టుకు ముందు తయారైన వాటిలో మోడల్ నంబరు పక్కన M అచ్చు ఉందో లేదో చూడండి. కొన్ని మాగ్నమ్ తూటాల ప్రైమర్ లోహం ఫైరింగ్ పిన్ రంధ్రంలోకి పొంగి సిలిండర్‌ను పట్టేస్తుందని కంపెనీయే వెనక్కి పిలిచి హామర్ పిన్‌నూ, ఆ రంధ్రం చుట్టూ ఉండే బుషింగ్‌నూ మార్చింది, ఆ మార్పు గుర్తే M. అచ్చంగా టైమింగ్ జబ్బులాగే కనిపిస్తుంది, కానీ కాదు. అలాగే పిడి ముందు భాగంలో ఉండే స్ట్రెయిన్ స్క్రూ. ట్రిగ్గర్ తేలిక కావాలని దాన్ని ఎవరో వదులు చేస్తే తూటాలు పేలక మొరాయిస్తాయి. ప్రైమర్ గుర్తు నడిమధ్యలోనే ఉండి లోతు తక్కువైతే అది స్క్రూ పని, పక్కకు పడితే టైమింగ్ పని.

అమెరికాలోని మనవాళ్ళకు ఒక హెచ్చరిక. హెచ్1బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. గ్రీన్ కార్డుకు ఈ అడ్డంకి లేదు. ఇక్కడ ఇండియాలో లైసెన్సున్న రివాల్వర్‌కు ఇలాంటి జబ్బొస్తే, 1959 ఆయుధ చట్టం ప్రకారం రిపేరు చేసేవాడికి కూడా లైసెన్సు ఉండాలి. తెలిసిన లేత్ షాపు అన్నకు ఇచ్చి చేయించుకునే పని కాదిది.

ఇక షాపులో నిలబడి లెక్క వేసుకోవడం. మురికి, వదులైన రాడ్, తారుమారైన స్క్రూ, బలహీన స్టాప్ స్ప్రింగ్ అయితే ధర తగ్గించమని అడిగి తెచ్చేసుకోండి. 3, 4 థౌ ఎండ్ షేక్, ఒకటి రెండు ఆలస్యపు గదులు అయితే గన్‌స్మిత్ కూలీని ధరలోంచి తీసేయమనండి. రేంజ్ రాడ్ ఉన్న గన్‌స్మిత్ దగ్గరకు తీసుకెళ్ళనిస్తే ఇంకా మంచిది. బ్యారెల్ బోర్‌కు సరిపోయే ఆ కడ్డీ గొట్టం కొసనుంచి దించితే ఆరు గదుల్లోకీ ఎక్కడా తగలకుండా జారాలి. వంగిన యోక్, పొంగిన నాచ్‌లు, సుత్తి దెబ్బలు తిన్న హ్యాండ్ కిటికీ, ఎవరో ఆకురాయి పెట్టిన రాట్చెట్ కనిపిస్తే మాత్రం ధర ఎంతైనా వద్దు. టార్చి వేసి ఫోర్సింగ్ కోన్ అడుగు భాగాన్ని, ఆరు గంటల ముల్లు చూపే చోటును, చూడ్డం మరవకండి. అక్కడ వెంట్రుక వాసి పగులున్నా ఆ రివాల్వర్‌ను బల్ల మీదే వదిలేసి రండి.